తుడిస్తే పోతాది

"లెదర్ సీట్లే తీసుకుందాము. తుడిస్తే పోతాది," అన్నారు మా ఆయన, మూడో ఇడ్లీ తుంచుతూ.

ఏది పోతుందో ఆయన చెప్పలేదు. చెప్పనవసరం లేదు. మా అత్త సెంగమలం తల ఎత్తి ఒకసారి నా వైపు చూసి, మళ్లీ చట్నీ వైపు తిరిగింది. మా అమ్మాయి మోనిక చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంది కాబట్టి వినలేదనుకున్నాను. నేను సాంబారు పోస్తున్నాను. పోయడం ఆపలేదు. రెండేళ్లుగా నా ఒంట్లో జరుగుతున్న సంగతి మా ఇంట్లో భోజనాల దగ్గర ప్రస్తావనకు రావడం అదే మొదటిసారి. అది కూడా నా పేరు లేకుండా, సీటు పేరు మీద వచ్చింది.

అంతకు రెండు నెలల ముందు దాకా మాకు కారు ఊసే లేదు. మా ఆయన నాగరాజన్‌కు రెడ్డియార్‌పాళయంలో స్టీలు పాత్రల అంగడి ఉంది. కోసపాళయంలో ఇల్లు. ఇంటికీ అంగడికీ స్కూటర్ చాలు. అరవ వాళ్ల ఆవణి నెలలో చెన్నైలో ఒక పెళ్లికి పోవలసి వచ్చింది. మా ఆయన చెల్లెలు విజి, ఆమె భర్త ఇళవరసన్ లాస్‌పేటలో ఉంటారు, వాళ్లకు కొత్త కారు ఉంది. అందరం కలిసి అందులో పోయాము. పోయేటప్పుడు బాగానే ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు మహాబలిపురం దాటాక మొదలైంది. మొదలైందంటే చుక్కా చుక్కా కాదు. నాకు వచ్చేది కొళాయి విప్పినట్టు వస్తుంది. రెండు ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని బయలుదేరాను. పట్టుచీర కింద పాత లుంగీ మడిచి కట్టుకున్నాను. ఇన్ని ఏర్పాట్లు చేసుకున్నది నేను ఒక్కదాన్నే. మిగిలిన వాళ్లు పెళ్లి విందులో పాయసం గురించి మాట్లాడుకుంటున్నారు.

"ఏమండి, మరక్కాణంలో ఒక్క నిమిషం ఆపమనండి," అన్నాను ముందు సీటు వైపు వంగి.

"ఇంకెంత దూరం. ముక్కాలు గంటలో ఇల్లు. ఓర్చుకో," అన్నారు మా ఆయన.

"ఆపేదా బావా?" అని ఇళవరసన్ అడిగాడు.

"వద్దులే. ఒకరికి ఆపితే అందరూ దిగతారు. లేటయి పోతాది."

రోడ్డుకు రెండు వైపులా ఉప్పుమళ్లు. తెల్లటి కుప్పలు ఎండలో కళ్లు పొడుస్తున్నాయి. నేను కాళ్లు దగ్గరగా పెట్టుకుని ఆ కుప్పలు లెక్కపెడుతూ కూర్చున్నాను. కోసపాళయంలో అందరూ దిగిన తర్వాత చివరగా దిగాను. లేత పసుపు రంగు గుడ్డ సీటు మీద, నేను కూర్చున్న చోట, పూరీ అంత మరక. విజి చూసింది. "పరవాలేదు వదినా, నువ్వు ఏమి కావాలని చేసినావా," అంది. మంచి మనిషే. కానీ మరునాడు పొద్దున్నే ఇళవరసన్ కారు తెచ్చి మా వాకిట్లో నిలబెట్టి పోయాడు. సర్వీసు వాళ్లకు ఇచ్చేదానికి ఒక మాదిరిగా, సిగ్గుగా ఉండాదని అన్నాడట, మా ఆయనతో. నాతో అనలేదు. నా వైపు చూడనే లేదు.

ఆ ఆదివారం వీధిలో కారు తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఉప్పూ చన్నీళ్లూ వేసి సీటు రుద్దాను. ఎదురింటి ఆమె ముగ్గుకు నీళ్లు చల్లుతూ, "ఏమక్కా, కారు కొన్నారా? చెప్పనే లేదే," అంది. "లేదమ్మా, విజిది," అన్నాను. "మరి నువ్వేల కడుగుతా ఉండావు?" అంది. నవ్వాను. ఎంత రుద్దినా అంచున గోధుమరంగు గీత ఒకటి మిగిలిపోయింది. మా ఆయన వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని ఆ గీతను చాలాసేపు చూశారు. "మర్యాద పోయింది," అన్నారు. ఆ రోజంతా ఆయన మొహం వాడిపోయి ఉంది. నిజంగా బాధపడ్డారు, నాకు తెలుసు. కానీ ఆ బాధ సీటు మీది గీత దగ్గర ఆగిపోయింది. అది ఎక్కడ నుంచి వచ్చిందో అక్కడ దాకా రాలేదు. వారం తిరగక ముందే, "ఇంకొకరి కారు మనకెందుకు, మనమే ఒకటి తీసుకుందాము," అన్నారు. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాననే అనుకుంటాను.

నా గర్భసంచిలో గడ్డలు ఉన్నాయని కదిర్కామం మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పి రెండేళ్లయింది. స్కాన్ కాగితం చూపించి, ఒకటి నిమ్మకాయంత, ఒకటి బత్తాయంత అని వేలితో గుండ్రంగా గీసింది. తీసేయాలి, ఆలస్యం చేస్తే రక్తం తగ్గిపోతుంది అంది. తేదీ కూడా ఇచ్చింది. ఇంటికి వచ్చి చెప్పాను. "సరి, చేసుకుందాము," అన్నారు మా ఆయన. ఏ రోజూ వద్దు అనలేదు. ఎవరూ వద్దు అనలేదు. అదే కష్టం. వద్దంటే పోట్లాడి ఉండేదాన్నేమో. ఆ తేదీ నాటికి అత్త మోకాలు చిప్ప మార్చే ఆపరేషన్ వచ్చింది. "పెద్దామెది ముందు అయిపోనీ," అన్నారు. ఆమె మంచం పక్కన మూడు నెలలు నేనే ఉన్నాను. తర్వాత దీపావళి వ్యాపారం. తర్వాత మోనిక ప్లస్ టూ పరీక్షలు. తర్వాత చిత్తిర నెల పెళ్లిళ్లు, అంగట్లో ఊపిరాడని కాలం. "గర్భసంచి తీసినాక మూడు నెలలు బిందె ఎత్తకూడదంట. ఆ మూడు నెలలు ఎవరు చూసేది?" అని అత్త ఒకసారి అడిగింది. నన్నే అడిగింది, నిజంగా జవాబు తెలుసుకోవాలన్నట్టు. నేను కూడా చాలాసేపు ఆలోచించాను.

పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా నేను అంగట్లో ఉంటాను. అక్కడ నా పని పాత్రల మీద పేర్లు చెక్కడం. ఎవరు బిందె కొన్నా, టిఫిన్ క్యారియర్ కొన్నా, పెళ్లికూతురికి సారె గిన్నెలు కొన్నా, పేరు చెక్కి ఇవ్వాలి. చేతిలో పట్టుకునే చిన్న కరెంటు యంత్రం, దాని ముల్లు తేనెటీగలా రొద చేస్తుంది. తమిళ అక్షరాలు నా చేతికి బాగా వచ్చు. ఇరవై ఒక్క ఏళ్లుగా చెక్కుతున్నాను. కుడిచేతి బొటనవేలు ఇప్పుడు ఊరికే ఉన్నప్పుడు కూడా సన్నగా అదురుతూ ఉంటుంది. అంగడి ముందు బోర్డు ఉంది: పేరు చెక్కడం ఉచితం. "నీకేంది, కూర్చొని చేసే పనిగదా," అంటారు మా ఆయన. నిజమే. కూర్చునే చేస్తాను. కూర్చుని లేచేటప్పుడు స్టూలు మీద వెనక్కి చూసుకుని, చీర వెనక్కి లాక్కుని, గోడ వారగా నడిచి లోపలికి పోతాను. అంగడి వెనక ఉన్న మరుగుదొడ్డికి తలుపు సరిగ్గా పడదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని ఇంకో చేత్తో అన్నీ మార్చుకోవడం నేర్చుకున్నాను. మెట్లు ఎక్కితే గుండె దడ. రాత్రి అన్నం తినబుద్ధి కాదు గాని, పచ్చి బియ్యం మాత్రం గుప్పెడు గుప్పెడు తినాలనిపిస్తుంది. డబ్బాలో బియ్యం తొందరగా అయిపోతోందని అత్త ఎలుకల మందు పెట్టించింది.

కారు చూడడానికి ఒక ఆదివారం అందరం పోయాము. షోరూమ్ నూరడుగుల రోడ్డులో ఉంది. లోపల అంతా చల్లగా, అద్దాలలో మన మొహాలే మనకు కనపడేటట్టు. ప్రియా అనే అమ్మాయి వచ్చి మాకు నీళ్లు ఇచ్చింది. బూడిదరంగు కోటు, జుట్టు బిగించి కొప్పు. అరవంలోనే మాట్లాడింది, మా ఆయనా ఆమెతో అరవంలోనే మాట్లాడారు. మోనిక పైకప్పు తెరుచుకునే కారు కావాలంది. అత్త ఒక్కొక్క కారులో ఎక్కి దిగి, "ఇది మెత్తగా ఉండాది, ఇది గట్టిగా ఉండాది," అని తీర్పు చెబుతోంది. మా ఆయన మాత్రం ఇంజన్ గురించి ఒక్క మాట అడగలేదు. నేరుగా సీట్ల దగ్గరికి పోయారు.

ప్రియా చిన్న చిన్న తోలు ముక్కలు అట్టకు అంటించి ఉన్న పలక ఒకటి తెచ్చింది. "మూడు రంగులు ఉన్నాయి సార్. నలుపు, బిస్కెట్, మెరూన్," అంది.

"దీని మీద ఏమన్నా పడితే?" అని మా ఆయన అడిగారు.

"కాఫీ పడినా జ్యూస్ పడినా లోపలికి దిగదు సార్."

"మరకలు?"

"ఏ మాదిరి మరకలు సార్?"

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. "సుమ్మా... ఊరికే, ఏదైనా. కొంచెం చిక్కంగా ఉండేది."

ప్రియా చిన్న సీసాలో తెచ్చిన కాఫీ నాలుగు చుక్కలు ఆ ముక్క మీద పోసి, కాసేపు ఉంచి, కాగితంతో తుడిచి చూపించింది. ఏమీ మిగల్లేదు. మా ఆయన ఆ ముక్కను వెలుతురులోకి పెట్టి తిప్పి తిప్పి చూశారు. ఇరవై మూడేళ్ల కాపురంలో నా స్కాన్ కాగితాన్ని గాని, రక్తం రిపోర్టును గాని ఆయన అలా వెలుతురుకు పెట్టి చూడలేదు. ఆ ఆలోచన వచ్చినందుకు నాకే సిగ్గేసింది. మనిషి చెడ్డవాడు కాదు. ఏనాడూ చెయ్యి ఎత్తలేదు, తాగడు, నా పుట్టింటి వాళ్లను ఒక మాట అనడు. మా అమ్మ ఇవే చెప్పి చెప్పి నా నోరు మూయిస్తుంది.

"మేడం, మీకు ఏ రంగు నచ్చింది?" అని ప్రియా నన్ను అడిగింది.

నాకు నచ్చినది ఏదని ఎవరైనా అడిగి చాలా కాలమైంది. తడుముకోకుండా బిస్కెట్ రంగు మీద వేలు పెట్టాను. పొట్టు ఒలిచిన వేరుశెనగ పప్పులా, లేతగా, చూడడానికి హాయిగా ఉంది.

మా ఆయన నవ్వారు. తెలుగులోకి మారి, "నీకు ఆ కలరా? సరిపోయింది. మెరూన్ పెట్టుకుంటే ఉండేది కూడా తెలీదు," అన్నారు.

ఆ అమ్మాయికి తెలుగు రాదని ఆయన ధీమా. మెరూన్ ఏ భాషలోనైనా మెరూనే. ప్రియా మొహం మీద నవ్వు అలాగే ఉంది గాని కళ్లు కిందికి దిగాయి. నేను వేలు తీసేశాను. "అవును, మెరూన్ బాగుంటాది," అన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. అనకపోతే ఆయన ఇంకొక మాట అనేవారు, ఆ అమ్మాయి అది కూడా వినేది. అందుకే కావచ్చు.

నడిపి చూడడానికి వేరే కారు ఉంది, దానికి నల్ల సీట్లు. మా ఆయన నడిపారు, పక్కన ప్రియా. వెనక అత్తకూ మోనికకూ మధ్య నేను. విల్లియనూరు రోడ్డులో కొంత దూరం పోయి తిరిగాము. తిరిగేటప్పుడు స్పీడ్ బ్రేకర్ ఒకటి దాటగానే లోపల ఏదో తెగి జారినట్టయింది. తేదీ కాదు. తేదీలు ఎప్పుడో తప్పిపోయాయి. పెట్టుకున్నది ఒకే ఒక ప్యాడ్. వెచ్చగా తొడల కిందికి పాకడం తెలుస్తోంది. కళ్ల ముందు నల్లటి దోమలు ఎగురుతున్నట్టు. చెవుల్లో హోరు. అత్త ఏదో చెబుతోంది, పెదవులు కదలడం మాత్రమే కనపడుతోంది. ఆపమని అడిగి ఉండవచ్చు. ఈసారి అడగను కూడా లేదు. అడగాలన్న తలపు రాలేదు. ముందు సీటు వెనక భాగాన్ని చూస్తూ, షోరూమ్ ఎప్పుడు వస్తుందా అని కూర్చున్నాను.

షోరూమ్ వచ్చింది. అందరూ దిగారు.

"దిగవే కోమలా, ఏంది అట్లే కూర్చున్నావు?" అంది అత్త.

దిగలేకపోయాను. కాళ్లు నావి కావు. మోనిక తల లోపలికి పెట్టి చూసింది. చూసి, తన చున్నీ తీసింది. ప్రియా కూడా అటు వైపు వచ్చి చూసింది. మెల్లగా తలుపు సగం మూసి, అక్కడ కార్లు చూస్తున్న వాళ్లకు నేను కనపడకుండా అడ్డం నిలబడింది. మోనిక నన్ను లేపి, చున్నీ నడుముకు చుట్టి, తన భుజం మీద నా చేయి వేసుకుంది. "ఇంత పోతాదా అమ్మా?" అని చెవిలో అడిగింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఒకే ఇంట్లో ఉంటున్నాము. దానికి తెలియకుండా దాచడానికి నేను ఎంత కష్టపడ్డానో అప్పుడు తెలిసింది నాకు.

మా ఆయన తాళాలు ఇచ్చి వచ్చారు. సీటు చూశారు. మొహం తెల్లబోయింది. అటూ ఇటూ చూసి, జేబులోంచి చేతిగుడ్డ తీసి, వంగి, రెండుసార్లు గట్టిగా తుడిచారు. గుడ్డ మడిచి మళ్లీ ఒకసారి తుడిచారు. నల్ల తోలు తళతళ మెరిసింది. వేలితో రాసి చూసుకున్నారు. అప్పుడు నిటారుగా నిలబడి నా వైపు తిరిగారు. ఆయన కళ్లలో అంత నిశ్చింత ఈ మధ్య నేను చూడలేదు.

"చూసినావా," అన్నారు. "ఏమీ కాలేదు."

నా మడమల దాకా తడి. మోనిక భుజం మీద వేలాడుతూ నిలబడి ఉన్నాను. ఏమీ కాలేదు. అరగంట తర్వాత మెరూన్ సీట్లతో కారు బుక్ చేశారు. నేను ఆటోలో మోనికతో ముందే ఇంటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చి స్నానం చేశాను. చీర నానబెట్టాను. వంట చేశాను. వంకాయ పులుసు, అప్పడాలు. మోనిక వంటింటి గడపలో నిలబడి, "ఎన్ని దినాలుగా?" అంది. "రెండేండ్లు," అన్నాను. "నాతో చెప్పలేదేంది?" అంది. "నీకు పరీక్షలుగదా," అన్నాను. అది వెళ్లి తన గదిలో తలుపు వేసుకుంది. కోపం ఎవరి మీదో దానికే తెలియదేమో. అత్త మాత్రం అన్నం కలుపుకుంటూ నెమ్మదిగా అంది: "ఇంకొక సంవత్సరం ఓర్చుకో. అదే నిలిచిపోతాది. నాకు నలభై ఆరులో నిలిచిపోయింది. నా కాలంలో ఆస్పత్రి యాడిది." ఆమె గొంతులో వెటకారం లేదు. తను మోసినది నేనూ మోయగలనన్న నమ్మకం ఉంది.

కారు శుక్రవారం వస్తుందని ఫోన్ వచ్చింది. పొద్దున తొమ్మిదింపావు నుంచి నల్ల నేరం, అంటే మంచి వేళ. విజి వాళ్లను పిలిచారు. హారతికి పళ్లెం తోమి పెట్టమన్నారు, పూలదండ చెప్పమన్నారు, వచ్చిన వాళ్లకు కేసరి చేయమన్నారు. సోమవారం అంగట్లో ఒక పెళ్లి వాళ్ల బిందెల మీద పేర్లు చెక్కుతున్నాను. పెళ్లికూతురి పేరు కయల్విళి. మూడో బిందె మీద ఆ పేరు సగం చెక్కేసరికి అక్షరాలు జరిగిపోతున్నట్టు అనిపించింది. ముల్లు పక్కకు జారి బిందె పొడుగునా గీత పడింది. "ఏంది ఇది, కొత్త బిందె పాడు చేసినావే," అన్నారు మా ఆయన, వాళ్ల ముందే. "తల తిరగతా ఉండాది," అన్నాను. "సరి, పోయి ఒక మాత్ర తెచ్చుకో. సీక్రం వచ్చేయ్," అన్నారు.

మందుల అంగడికే పోవాలనుకున్నాను. ఎదురుగా ఆటో నిలబడి ఉంది. ఎక్కి కదిర్కామం అన్నాను.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టలేదు. పాత చీటీ చూసి, కింది రెప్ప లాగి చూసి, రక్తం పరీక్షకు పంపింది. కాగితం వచ్చాక దాన్ని రెండుసార్లు చదివింది. పన్నెండు ఉండాల్సిన రక్తం ఐదున్నరే ఉంది, ఇంత తక్కువలో మీరు ఎలా నడిచి వచ్చారు అంది. ఇప్పుడే చేర్చుకుంటాను, ముందు రక్తం ఎక్కించాలి, గురువారం ఆపరేషన్ అంది. తోడు ఎవరు వచ్చారని అడిగింది. ఇంటికి ఫోన్ చేసి చెబుతానని వరండాలోకి వచ్చాను.

"ఇప్పుడేంది ఆస్పత్రిలో? మాత్రకు అని పోయినావుగదా," అన్నారు మా ఆయన. వెనక బిందెల చప్పుడు వినిపిస్తోంది.

చెప్పాను. రక్తం ఐదున్నర అని కూడా చెప్పాను.

"శుక్రవారం కారు వస్తాది కోమలా. ఇంట్లో ముత్తైదువ లేకుండా హారతి ఎవరు ఎత్తేది? రెండేండ్లు ఓర్చుకున్నావు, నాలుగు దినాలు ఓర్చుకోలేవా? శనివారం నేనే తీసుకొస్తాను. మన కారులోనే. ఏసీ వేసుకొని, సుఖంగా పడుకొని రావచ్చు నువ్వు."

ఆ గొంతులో ప్రేమే ఉంది. అందుకే ఎప్పటిలా "సరే" అన్నాను. ఇంకొక మాట నాకు రాదు. ఫోన్ సంచిలో పెట్టుకుని, ఇంటికి పోదామని లేచాను. నాలుగు అడుగులు వేశాను. ఐదో అడుగు వేయలేక గోడ పట్టుకున్నాను. గోడ కూడా నిలబడనివ్వలేదు. మెల్లగా జారి నేల మీద కూర్చున్నాను. వరండా తుడుస్తున్న ఒక ముసలామె చీపురు పక్కన పడేసి వచ్చి నా తల తన పొట్టకు ఆనించుకుంది. ఎవరినో కేకేసింది. చక్రాల కుర్చీ వచ్చింది.

అమ్మ ధైర్యంగా తనే పోయి ఆస్పత్రిలో చేరిందని మోనిక తర్వాత అందరికీ చెప్పుకుంది. వింటుంటే బాగుంటుంది. నిజం అది కాదు. నేను ఇంటికి పోవడానికే లేచాను. పోలేకపోయాను, అంతే. నా తరఫున నిర్ణయం చేసింది నా కాళ్లు. ఇన్నేళ్లలో నా మాట విన్నవి అవి ఒక్కటే, అది కూడా నేను చెప్పకుండానే.

సాయంత్రం మా ఆయన ఫ్లాస్కులో హార్లిక్స్ తెచ్చారు. నా చేతికి రక్తం సంచి తగిలించి ఉంది. ఆయన ఆ సంచిని, గొట్టంలో దిగుతున్న చుక్కలను చూస్తూ మంచం అంచున కూర్చున్నారు. కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంత అని నాకు తెలీదు కోమలా. ఒక మాట చెప్పి ఉండొచ్చుగదా," అన్నారు. మీ చేత్తోనే తుడిచారుగదా అనాలనిపించింది. నోటి దాకా వచ్చింది. ఆయన తల వంచుకుని ఉన్నారు, నడినెత్తిన జుట్టు పలచబడింది, పాపం అనిపించింది. ఆ మాట మింగేసి హార్లిక్స్ తాగాను. కాసేపటికి ఆయనే, "కారును శనివారానికి మార్చేదానికి కాదంట, ముహూర్తం మళ్లీ యాడ దొరకతాదో," అన్నారు. "మీరు తెచ్చుకోండి," అన్నాను.

గురువారం ఆపరేషన్ అయింది. తీసినది గిన్నెలో పెట్టి మోనికకు చూపించారట. పిల్ల బయటికి వచ్చి వాంతి చేసుకుందని పక్క మంచం ఆమె చెప్పింది. శుక్రవారం పొద్దున నాకు తెలివి బాగా వచ్చింది. కడుపు మీద ఇటుకలు పేర్చినట్టు ఉంది. పక్కకు తిరగడానికి లేదు, దగ్గడానికి లేదు. నోట్లో తడి లేదు. మోనిక దూదితో నా పెదవులు తడుపుతోంది. అది అలా చేయడం నాకు వింతగా ఉంది. ఎవరికైనా అలా చేసే చేయి ఇన్నాళ్లూ నాదే.

పదిన్నరకు దాని ఫోన్‌లో ఫోటోలు వచ్చాయి. ఒక్కొక్కటి నా కళ్ల ముందు పట్టుకుంది. వాకిట్లో తెల్లకారు, పూలదండ, బొట్లు. చక్రం కింద నిమ్మకాయ. హారతి పళ్లెంతో విజి. ముందు సీటులో అత్త, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, నవ్వుతూ. అత్త అలా నవ్వగా నేను ఎక్కువసార్లు చూడలేదు. చివరి ఫోటోలో వెనక సీటు, ఖాళీగా. ముదురు మెరూన్, తెల్లదారం కుట్లు. దాని మీద కంపెనీ వాళ్లు తొడిగిన దళసరి ప్లాస్టిక్ అలాగే ఉంది.

ఫోటోల తర్వాత మా ఆయన గొంతు వచ్చింది. మోనిక నా చెవి దగ్గర పెట్టింది.

"మోనీ, అమ్మకు చూపించు. వెనక సీటుకు ప్లాస్టిక్ తీయలేదని చెప్పు. డిశ్చార్జి అయి వచ్చేటప్పుడు ఎట్లుంటాదో తెలీదుగదా, ఆపరేషన్ అయిన ఒళ్లు. ఆ ఒక్క దినం అట్లే ఉండనీ. అమ్మ దిగినాక తీసేద్దాము. నేనే వచ్చి నెమ్మదిగా తీసుకొస్తానని చెప్పు. బాగా చూసుకో అమ్మను."

మోనిక ఫోన్ కిందికి దించింది. దాని కింది పెదవి పళ్ల మధ్య ఉంది. కిటికీ బయట ఎక్కడో బస్సు హారన్. పక్క మంచం ఆమె నిద్రలో మూలిగింది. నాకు ఏడుపు రాలేదు. ఏడిస్తే కుట్లు లాగుతాయని నర్సు ముందే చెప్పింది. వారం తిరిగేసరికి నేను అదే ఇంటికి పోవాలి, ఆ వాకిట్లోనే దిగాలి, ఆ ముగ్గురికే వండాలి. మూడు నెలలు బిందె ఎత్తకూడదు, ఎవరు ఎత్తుతారో తెలియదు. ఏదీ మారలేదని నాకు తెలుసు. మార్చే బలం నాకు లేదని కూడా తెలుసు.

"ఏమని చెప్పేదమ్మా నాయనకు?" అంది మోనిక.

కడుపు మీద చేయి ఆనించుకుని, ఊపిరి కొంచెం కొంచెంగా తీసుకుని, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాను.

"ప్లాస్టిక్ ఈ పొద్దే తీసేయమని చెప్పు. నేను ఆటోలో వస్తా."